పులియని పెరుగు

మా అత్తగారు బసవమ్మ తోడుపెట్టిన పెరుగు పులిసేది కాదు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా తెల్లరాళ్లపాడులో నిజంగానే పగులుతాయి. అలాంటి ఎండలో కూడా ఆమె పెరుగు మర్నాటి సాయంత్రం దాకా చంటిపిల్లకు పెట్టేంత కమ్మగా ఉండేది. ఊరంతా గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది. తోడు అడిగినవాళ్లను లేదని పంపకూడదు కదా, ఆమె పంపలేదు. దీపాలు పెట్టాక వస్తే మాత్రం "పొద్దున రామ్మా" అనేది, అంతే. ఆ కమ్మదనమే మా కొంప ముంచుతుందని అప్పుడెవరికి తెలుసు.

నేను ఆమె కోడలిని, పేరు సామ్రాజ్యం. మా ఆయన ఏడుకొండలు సున్నపు బట్టీలో మంట చూసే మేస్త్రి. మా ఊరి చుట్టూ బట్టీలే. రాత్రీ పగలూ బొగ్గు మండుతుంది, రాయి కాలుతుంది. మా ఊళ్లో కాకులు కూడా తెల్లగా ఉంటాయని బయటివాళ్లు వేళాకోళం చేస్తారు. వాళ్లకేం, నవ్వి బస్సెక్కిపోతారు. పొగ మింగేది మేము. నలభై నిండకముందే మా ఆయనకు దగ్గు పట్టుకుంది. మంచం మీద కూర్చుని, మోకాళ్లు పట్టుకుని, గాలి కోసం నోరు తెరిచేవాడు.

నా చెల్లెలు హైమ గుంటూరులో ఒక పరిశోధనశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. ఒక ఆదివారం చిన్న ముంత, గాజు సీసా తెచ్చి మా వంటింటి గట్టు మీద పెట్టింది.

"ఇది పెరుగే అక్కా. కాకపోతే ఇందులో ఉన్న జీవిని నేను తయారుచేశాను. బావ పేగుల్లో కాపురం పెడుతుంది."

"ఆ మనిషితో నా కాపురమే గగనంగా ఉంది. పాపం, దానికెందుకే ఆ అగచాట్లు?" అన్నాను.

హైమ నవ్వలేదు. పని గురించి మాట్లాడేటప్పుడు దానికి నవ్వు రాదు. సీసా మూత తీసి మా ఇంటి పెరుగు మీద ఒక చుక్క వేసింది. ఏమీ కాలేదు. తను తెచ్చిన పెరుగు మీద ఇంకో చుక్క వేసింది. మొదట ఏమీ కాలేదు. కాసేపటికి నెమ్మదిగా నురగ లేచి బుసబుస పొంగింది. మా అత్త ముందుకు వంగి చూసింది.

"ఇది పెరాక్సైడు. పుండ్లు కడుగుతారే, ఆ మందు. పొగ పీలిస్తే మన ఒంట్లో ఇలాంటిదే పుట్టి, ఇనుమును తుప్పు తిన్నట్టు లోపల తినేస్తుంది. ఈ జీవిలో ఒక కాపలావాడున్నాడు. పెరాక్సైడు తగలగానే వాడు మేలుకుని ఎంజైము చేసే జన్యువును పని చేయిస్తాడు. ఆ ఎంజైము పెరాక్సైడును నీళ్లుగానూ గాలిగానూ విరగ్గొడుతుంది. ఆ నురగ ఆ గాలే. పెరాక్సైడు అయిపోగానే వాడు పడుకుంటాడు, పని ఆగిపోతుంది. ఈ విద్య సూక్ష్మజీవులకు పుట్టుకతోనే ఉంది. ఆ ఎంజైమును మన నెత్తుట్లోకి పంపడం ఒక్కటే నేను నేర్పింది."

"మరి సీసా ఎందుకు?" అని మా అత్త అడిగింది.

"ఊళ్లో ఉన్న వేరే పెరుగు క్రిములు ఇందులో దూరతాయి అత్తయ్యా. వారానికోసారి పాలల్లో ఒక్క చుక్క వేసి తోడుపెట్టండి. పరాయివి చస్తాయి, ఇది బతుకుతుంది."

"రోజూ వేస్తే?"

"అక్కర్లేదు" అంది హైమ.

అక్కర్లేదంది గాని వద్దనలేదు. అక్కర్లేని పనులు మనం ఎన్ని చెయ్యడం లేదు?

మొదటి వారంలోనే మా అత్త ఒక సంగతి కనిపెట్టింది. చుక్క వేసిన రోజు పెరుగు కమ్మగా ఉంది, వెయ్యని రోజు పులిసింది. పులిసిన పెరుగు ఆమెకు సుతరామూ గిట్టదు. ఇంకేముంది, రోజూ వేసింది. తోడుకు వచ్చినవాళ్లందరికీ ఆ కిటుకు చెప్పింది. ఆ మందు ఏ మందుల కొట్లోనైనా దొరికేదే. ఏడాది తిరిగేసరికి తెల్లరాళ్లపాడులో పులిసిన పెరుగు రుచి పిల్లలకు తెలియకుండా పోయింది.

దగ్గు కూడా పోయింది. మా ఆయన మళ్లీ బట్టీ మెట్లు ఆగకుండా ఎక్కాడు. హైమ వచ్చి అందరి ఊపిరితిత్తులూ పరీక్షించి, సంతోషం పట్టలేక మా అత్త కాళ్లకు దండం పెట్టింది. ఆమె మురిసిపోయి దానికి రెండు గిన్నెల పెరుగన్నం తినిపించింది.

ఒళ్లు బాగుపడ్డాక మా ఆయనకు ఊరు వదలాలన్న ఆశ పుట్టింది. చీరాలలో మా ఆడపడుచు వాళ్లకు మగ్గాల షెడ్డు ఉంది. ముగ్గురం మూటాముల్లే సర్దుకుని వెళ్లాం. సముద్రపు గాలి. తెల్లచీర ఆరేస్తే తెల్లగానే ఆరింది. నేను ఆ చీరను తీగ మీద అలాగే ఉంచి చాలాసేపు చూశాను.

పట్టుమని నెల కాలేదు. ఒడ్డున నడుస్తుంటే మా ఆయన అరికాలికి గవ్వ గీసుకుంది. చిన్న గాటు, పసుపు అద్ది ఊరుకున్నాం. అది మానలేదు.

"దురద పెడతందా అబ్బాయా?" అని మా అత్త రోజూ అడిగేది.

"లేదమ్మా."

"దురద పెట్టని పుండు మానదురా" అనేది.

పుండు పెద్దదై, అంచులు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో పాదం తీసెయ్యాలన్నారు. హైమ పరుగున వచ్చింది. కాలు చూసి, వంటింట్లోకి వెళ్లి, మందు వెయ్యకుండా ఉత్త పాలల్లో మా పెరుగు తోడుపెట్టింది. మర్నాడు ఆ పెరుగు మీద ఒక చుక్క వేసింది. చుక్క పడీ పడకముందే అది గిన్నె దాటి పొంగింది.

హైమ పీట మీద కూలబడింది.

"కాపలావాడు పడుకోవడం లేదక్కా. మందు లేకపోయినా మేలుకునే ఉన్నాడు. రోజూ మందు వేశారా?"

"వేశాం. పులవకుండా ఉంటదని" అంది మా అత్త.

"మందు ఎప్పుడూ ఉండేసరికి, ఎప్పుడూ మేలుకుని ఉండే రకమే బాగా బతికింది. మిగిలినవి పోయాయి. ఇప్పుడు బావ ఒంట్లో రాత్రీ పగలూ ఎంజైము పడుతూనే ఉంది. పుండులో క్రిముల్ని చంపడానికి మన ఒళ్లు కూడా కాస్త పెరాక్సైడు చేసుకుంటుంది. ఆ కాస్తనూ ఇది మింగేస్తోంది. బట్టీ పొగ ఉన్నన్నాళ్లూ మింగడానికి పొగ ఉంది, సరిపోయింది. ఇక్కడ పొగ లేదు." హైమ గిన్నెను పక్కకు నెట్టింది. "మందు వేస్తే మేలుకుంటుందా అని వందసార్లు చూశాను. తీసేస్తే పడుకుంటుందా అని మొదట్లో చూసి ఊరుకున్నాను."

ఆ సాయంత్రమే కారు మాట్లాడుకుని తెల్లరాళ్లపాడు చేరాం. మా ఆయన్ని బట్టీ పక్కన మంచం వేసి పడుకోబెట్టాం. వారం తిరక్కముందే కాలు గోక్కోవడం మొదలుపెట్టాడు. మా అత్త ఆ పొగలోనే చేతులెత్తి మొక్కింది. నాకు మాత్రం మొక్కాలో ఏడవాలో తెలియలేదు.

అప్పటినుంచీ చూడండి మా బతుకు. ఊరికి గోడ లేదు, గేటు లేదు, బస్సు రోజూ వస్తుంది. ఎక్కి పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. ఉండిపోవడానికి లేదు. అత్తవారిళ్లకు వెళ్లిన ఆడపిల్లలు కత్తిపీటతో వేలు కోసుకుని తిరిగొచ్చేవాళ్లు. పక్కింటి జాన్‌బీ కొడుకు ఆ జీవిని చంపేస్తే పీడ విరగడవుతుందని బయట ఎక్కడో మాత్రలు మింగాడు. జీవి చచ్చింది. ఇన్నాళ్లూ అది చేసిపెట్టిన పనిని వాడి ఒళ్లు మరిచిపోయింది. పొగలో ఊపిరాడక, బయట కూడా ఊపిరాడక, వాడు ఇప్పటికీ ముక్కుకు గొట్టంతో మంచంలో ఉన్నాడు. ఉంచుకుంటే ఊరు దాటలేం, వదిలించుకుంటే ప్రాణం దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అన్నారా.

అంతలో బట్టీలు మూసెయ్యమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దసరా లోపల ఆఖరి బట్టీ చల్లారాలి. ఆ ఉత్తర్వు కోసం మా ఊరివాళ్లే ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. నేనూ ఎండలో కూర్చున్నాను. ఇప్పుడది వచ్చింది. పొగ పోతే ఏ చిన్న గాయమూ మానదు. నిప్పుతో పని చేసేవాడికి గాయం కాకుండా ఎన్నాళ్లు? మా ఆయన చేతుల వైపు చూడడానికే నాకు భయం పట్టుకుంది.

హైమ రాత్రింబగళ్లు ప్రయోగశాలలోనే ఉంది. ఒకరోజు మొహం పీక్కుపోయి వచ్చింది.

"నువ్వు మొదట చేసిన మంచి విత్తనం దాచుంటావుగా. అదియ్యి" అన్నాను.

"ఇచ్చి చూశానక్కా. లోపల పాతుకుపోయినవి దాన్ని నిలవనివ్వడం లేదు. లోపలున్నవాటిలోంచే మంచిది పుట్టాలి. లక్షల్లో ఒకదానికి ఆ కాపలావాడు మళ్లీ బాగుపడతాడు. పాలల్లో పెంచితే అది గెలవడం లేదు. పాలల్లో తిండికి కొదవ లేదు, దుబారా చేసేది కూడా హాయిగా బతుకుతోంది. పేగుల్లో అయితే కరువు. అక్కడ పొగ లేకుండా చేస్తే, అక్కర్లేని ఎంజైము చేస్తూ కూర్చునేది చిక్కిపోతుంది, పొదుపుగా ఉండేది గెలుస్తుంది."

"అంటే?"

"మీ ఊరి మనిషెవరైనా పొగా దుమ్మూ లేని గదిలో నెలల తరబడి ఉండాలి. ఒంటి మీద గీత కూడా పడకూడదు." హైమ తల దించుకుంది. "నేనెవర్నీ అడగలేను."

"నన్ను అడగమ్మా" అంది మా అత్త, చేటలో బియ్యం ఏరుతూ. "మంచమ్మీద కూకోటం కూడా ఒక పనేనా. ఆ సీసా రోజూ వంచింది నేనేగా."

ప్రయోగశాలలో ఆ గది అద్దాల పెట్టెలా ఉండేది. గాలి జల్లెడ పట్టి వదిలేవాళ్లు. లోపలి గాలి ఒత్తిడికి తలుపు తెరుచుకోకుండా లోపలివైపు గొళ్లెం. అన్నం మెత్తగా ఉడికించి గూట్లోంచి పంపేవాళ్లు. గోళ్లు కూడా ఆకురాయితో అరగదీసుకోవాలి. ఆమెను లోపలికి పంపేముందు హైమ గాజులు తీయించింది, పిన్నీసులు తీయించింది. ఆమె నవ్వుతూ అన్నీ ఇచ్చింది. రొండిన దోపుకున్న అడకత్తెర మాత్రం ఇవ్వలేదు. వక్కలు కత్తిరించుకోకుండా ఆమెకు పొద్దు గడవదు. ఆ సంగతి మాకు స్ఫురించలేదు.

నేను రెండుమూడు రోజులకోసారి బస్సెక్కి వెళ్లేదాన్ని. అద్దానికి ఇటు నేను, అటు ఆమె. ఇద్దరి మధ్యా చిన్న మైకు.

"ఏమ్మే, వాడు తింటన్నాడా?"

"తింటన్నాడు అత్తా. నీ పెరుగు లేదని అలుగుతన్నాడు."

"అలగనీ. అలిగితే ఆకలేసిద్ది."

సాయంత్రం ఇల్లు చేరితే మా ఆయన అడిగేవాడు: "అమ్మ ఎట్టా ఉంది?"

"నిన్ను తిడతా ఉంది."

"అయితే బాగానే ఉంది" అనేవాడు.

హైమ ఆమె లోపలి జీవులను తీసి పాలల్లో వేసేది. ఎక్కణ్ణుంచి తీసేదో చెప్పవద్దని నేను ముందే చేతులు జోడించాను. ఆ పాలు తోడుకున్నాక చుక్క వేసేది. ప్రతిసారీ గిన్నె ఒక్కసారిగా పొంగిపోయేది. రోజులు గడిచేకొద్దీ ఆ పొంగు కాస్త తగ్గింది. ఆగి పొంగాలి, హైమకు కావలసింది అదే. ఇంకా ఆగడం లేదు.

వినాయక చవితి వెళ్లాక ఒకరోజు మా అత్త కుడిచెయ్యి కొంగులోంచి తీయకుండా మాట్లాడింది. మంచినీళ్లు ఎడంచేత్తో తాగింది. మా అత్త ఎడంచేత్తో మంచినీళ్లు తాగడమా?

"చెయ్యి చూపియ్యి అత్తా."

"చూడటానికేముంది."

"చూపియ్యి."

చూపించింది. బొటనవేలు నల్లగా ఉబ్బిపోయి ఉంది. వక్క కత్తిరిస్తూ కోసుకుందట. ఎప్పుడని అడిగితే "మొన్నెప్పుడో" అంది. నేను కేకేశాను. హైమ పరిగెత్తుకుని వచ్చింది.

"అత్తయ్యా, బయటికి రండి. ఊరికి తీసుకెళ్దాం. బట్టీ పక్కన ఉంటే మానుతుంది."

"నీ పనో?"

"పోతే పోయింది. మళ్లీ మొదలుపెడదాం."

"దసరా ఎన్నాళ్లుందని మళ్లీ మొదలెడతావు?" అంటూ ఆమె లేచి, నెమ్మదిగా తలుపు దగ్గరకు వెళ్లి, గొళ్లెం ఇంకా బిగించింది. "పగలగొట్టారంటే బయటి గాలి లోపలికొచ్చిద్ది, ఇన్నాళ్ల పనీ పాడైద్ది. ఆలోచించుకోండి. వాడికి మాత్రం చెప్పమాకు సామ్రాజ్యం. చెపితే వచ్చి ఈ అద్దాలు పగలేస్తాడు. వాడి సంగతి నాకు తెలీదా."

నేను ఆ అద్దాన్ని రెండు చేతులతో బాదాను. తిట్టాను. ముసలిదానా అన్నాను, మొండిముండా అన్నాను, పెళ్లయినప్పటినుంచీ మనసులో దాచుకున్నవన్నీ అన్నాను. ఆమె మంచం మీద కూర్చుని అన్నీ విని, "అయిందా? బస్సెళ్లిపోద్ది, పో" అంది.

ఆ సాయంత్రం మా ఆయన అడిగాడు, అమ్మ ఎట్టా ఉందని. తిడతా ఉందన్నాను. నా జన్మలో అంత కష్టమైన అబద్ధం ఆడలేదు. ఒక గదిలో ఆమె ఉంది, ఇంకో గదిలో నేనున్నాను, నా గదికి అద్దాలు లేవు, అంతే తేడా.

తర్వాత రోజూ వెళ్లాను. గూట్లోంచి మందులు పంపితే వేసుకుంది. అవి కొంత ఆపాయి, పూర్తిగా ఆపలేదు. నలుపు మణికట్టు దాటింది.

"దురద పెడతందా అత్తా?"

"లేదే" అనేది, వేరేవాళ్ల చెయ్యి గురించి చెప్పినట్టు.

ఒక మధ్యాహ్నం హైమ గిన్నె తెచ్చి అద్దం ముందే పెట్టింది, ఆమెకు కనపడేలా. చుక్క వేసింది. ఏమీ కాలేదు. ముగ్గురం ఆ గిన్నెనే చూస్తున్నాం. కాసేపటికి, మొదటి రోజు మా వంటింటి గట్టు మీద లేచినట్టే, నెమ్మదిగా నురగ లేచింది.

"పడుకుంటోంది అత్తయ్యా. పిలిస్తేనే లేస్తోంది" అంది హైమ. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి దానికి.

మా అత్త లేవబోయి లేవలేక, మంచం పట్టుకుని, గోడ పట్టుకుని వచ్చి ఎడంచేత్తో గొళ్లెం తీసింది. తలుపు తెరవగానే నా మీద వాలిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. గుంటూరు ఆసుపత్రులు ఏం చెయ్యగలవో చేశాయి. విషం నెత్తుట్లోకి ఎక్కిందన్నారు. ఆఖరి ఆశగా కారులో పొగ దగ్గరకు తీసుకొచ్చాం. దారంతా నా ఒళ్లో పడుకుని "వచ్చామా?" అని అడుగుతూనే ఉంది. మలుపు తిరిగితే బట్టీల గొట్టాలు కనిపించాయి. వచ్చామత్తా అన్నాను. ఆమె వినలేదు.

దసరాకు ఆఖరి బట్టీ చల్లారింది. ఆర్పే పని మా ఆయనదే. ఆర్పుతుంటే నిప్పు పడి ఎడంచెయ్యి కాలింది. తల్లి పోయిన మనిషి చూసుకుని పనిచేస్తాడా? అరచేతి మందాన బొబ్బ లేచి చిట్లింది. నేను భయపడుతూ వచ్చిన గాయం అదే.

హైమ కొత్త ముంత తెచ్చింది. ఈసారి సీసా తేలేదు. నేను తోడుపెట్టి, అన్నంలో కలిపి ఆయన ముందు పెట్టాను.

"మా అమ్మను మింగిన పెరుగు నేను తినను" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ అమ్మ లోపల గొళ్లెం పెట్టుకుంది నువ్వు అలిగి కూకోటానికా? నీ పిండాకూడు నా చేత వండిద్దామని ఉందా? తిను. నువ్వు తినకపోతే ఆమె ఊరికే పోయినట్టు."

కంచం దగ్గరకు లాక్కున్నాడు. తర్వాత తిన్నాడు. తింటూ ఏడ్చాడు. సాయంత్రానికి గిన్నెలో మిగిలిన పెరుగు పుల్లగా అయింది. ఊళ్లోవాళ్లు మళ్లీ గిన్నెలు పట్టుకుని వచ్చారు, నేను ఒక్కొక్కళ్లకీ గరిటెడు వేసి, "చుక్క వేశారంటే చేతులు విరగ్గొడతాను" అని చెప్పి పంపాను.

వానలు పడి దుమ్ము కడుక్కుపోయింది. మా ఊరి పిల్లలు కాకులు నల్లగా ఉంటాయని కొత్తగా తెలుసుకున్నారు. ఆకాశం చీరాలలోలాగే ఉంది. అంత శుభ్రమైన ఆకాశం కింద నేను రోజూ పొద్దున్నే ఆయన చేతికి గుడ్డ విప్పి, అంచులు నల్లబడ్డాయేమోనని వెతుకుతూ కూర్చునేదాన్ని. కొత్తది లోపల గెలుస్తుందో, పాతదే ఉంటుందో హైమ కూడా చెప్పలేకపోయింది.

"దురద పెడతందా?"

"లేదు."

మర్నాడు మళ్లీ అదే మాట. ఆ పై రోజూ అదే మాట.

ఒక పొద్దున మజ్జిగ చిలుకుతూ వసారాలోకి చూశాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎడంచేతి గుడ్డ మీద అటూ ఇటూ ఆడుతోంది. నా చేతిలో కవ్వం ఆగిపోయింది.

"ఏందయ్యా?" అన్నాను.

"దురదగా ఉంది" అన్నాడు.

ఆ మాట ఎవరికి చెప్పాలో ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఇద్దరం ఖాళీగా ఉన్న ఆమె మంచం వైపు చూశాం.